వెనుక వచ్చేవారికి కనబడిందా?



ఈ నెల మీతో ఒక పాత కారును గూర్చి మాట్లాడాలని ఉంది. "అయ్యగారికి కార్ల సంగతెందుకు?" అని మీరు అనుకోవచ్చు. నిజమే, నాకున్నది ఒక పాత స్కూటరు మాత్రమే. అయితే మా చిలకలగూడలో ఒక అంబాసిడర్ కారుకు కొత్త రకం ఇండికేటర్ దీపాలు అమర్చిన మూడు శనివారాలు నేను ఆ కారు వెనుక నిలబడి ఉన్నాను. అక్కడ ప్రభువు నాకొక పాఠము నేర్పాడు. అది నా ఇంటికి సంబంధించిన పాఠము కూడా గనుక కొంచెం సిగ్గుతోనే వ్రాస్తున్నాను.

చిలకలగూడ సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే ఉంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. అంతకు ముందునుండీ ఈ చుట్టుపట్ల రైల్వే కుటుంబాలు ఎక్కువే. మా సంఘములో కూడా రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. వారిలో ఒకాయన సిగ్నల్ విభాగములో 34 ఏండ్లు పనిచేశారు. ఆయన దగ్గర 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. రైల్వే ప్రావిడెంట్ ఫండ్‌లోనుండి అప్పు తీసుకొని, రెండవ చేతిలో కొన్న బండి. పిల్లల బాప్తిస్మాలకు, పెండ్లిళ్లకు, చివరకు ఆయన భార్యను ఆస్పత్రికి తీసుకొనిపోవడానికి, అన్నిటికీ అదే బండి.

లోపల వెలిగింది

గత సంవత్సరము వానలు తగ్గిన తరువాత ఒక శనివారం సాయంకాలం ఆయన మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని భువనగిరి వైపున్న తమ గ్రామానికి బయలుదేరారు. వరంగల్ రోడ్డు మీదనుండి ఎడమచేతి వైపు ఊరి బాటలోనికి తిరగాలి. చీకటి పడుతోంది. ఆయన వేగం తగ్గించారు. ఎడమ ఇండికేటర్ వేశారు. డ్యాష్‌బోర్డు మీద చిన్న దీపం వెలిగి ఆరుతూ ఉంది. ఫ్లాషర్ టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉంది. ఆయన తిరిగారు.

వెనుకనుండి ఎడమ పక్కగా వస్తున్న మోటారు సైకిలు కారుకు తగిలి పడిపోయింది. దానిమీద భార్యాభర్తలు, మధ్యలో ఆరేండ్ల పాప. దేవుని కృపవలన ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. కాని పాప కుడిచెయ్యి విరిగింది.

"తిరిగేటోళ్లు లైటు వెయ్యాలె గద సార్! మాకెట్ల తెలుస్తది?" అని ఆ తండ్రి ఏడ్చాడు.

"వేసిన బిడ్డా, వేసిన" అన్నారు ఈయన. అబద్ధమాడలేదు. నిజంగానే వేశారు.

పాపను ఆ కారులోనే ఆస్పత్రికి తీసుకొని వెళ్లారు. కట్టు కట్టించిన తరువాత బయటకు వచ్చి, మనుమడు స్విచ్ వేసి కారు వెనుకకు వెళ్లి చూశాడు. "తాతా, ఒకసారి ఇటు రా" అని పిలిచాడు. వెనుక దీపం అద్దం మీద ఏండ్ల తరబడి పేరుకున్న దుమ్ము. పసుపు రంగు వెలిసిపోయింది. హోల్డర్ తుప్పుపట్టి ఎర్త్ సరిగా అందక, బల్బు ఆరిపోబోయే అగ్గిపుల్ల నిప్పువలె మిణుకుమంటోంది. పది అడుగుల దూరంనుండి చూస్తే వెలిగిందో లేదో కూడా తెలియదు.

బండి చేసినవారి తప్పు కాదది. ఏండ్లకు ఏండ్లు బండి వెనుకకు వెళ్లి చూడని యజమాని తప్పు. ఆ మాట ఆయనే నాతో అన్నారు. "ముప్పై నాలుగేండ్లు రైళ్లకు సిగ్నల్ చూపించిన అయ్యగారూ. నా బండి సిగ్నల్ మాత్రం ముందల కూర్చొని చూసుకున్న. ఎన్కకు పోయి చూడలేదు" అన్నారు. రెండు నెలలు ఆయన ఆ కారు తాళం ముట్టలేదు. ప్రతి ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఆ పాపకోసం ప్రార్థన చేయమని మాత్రం అడిగేవారు.

దీపాల కథ

మనుమడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ఆ పిల్లవాడు ఒక ఆలోచన తెచ్చాడు. కారు వెనుక రెండు వైపులా మూడేసి దీపాలు పెడదామన్నాడు. ఇండికేటర్ వేయగానే లోపలి దీపం మొదట వెలుగుతుంది. అది వెలుగుతూ ఉండగానే రెండవది, ఆ తరువాత చివరనున్న మూడవది వెలుగుతాయి. అప్పుడు మూడూ కలిసి ఆరి, మళ్లీ మొదటినుండి మొదలవుతాయి. చూచేవారికి వెలుగు తిరుగబోయే వైపుకు పరుగెత్తినట్టు కనబడుతుంది.

"యాభై ఏండ్ల బండికి పెండ్లి పందిరి లైట్లారా?" అన్నారు తాతగారు.

కాని ఇది నిన్న మొన్నటి వేషం కాదు. కారు తిరుగబోతున్నదని వెనుకవారికి ఎలా తెలుపాలనే ప్రశ్న కార్లంత పాతది. 1914 ప్రాంతంలో అమెరికాలో ఫ్లోరెన్స్ లారెన్స్ అనే మూకీ సినిమాల నటి తన కారుకు చెయ్యివలె లేచే ఒక గుర్తును అమర్చుకున్నది. దానికి ఆమె పేటెంటు కూడా తీసుకోలేదు. తరువాత బ్రిటిష్ కార్లలో తలుపు పక్క స్తంభంలోనుండి చిన్న రెక్క పైకి లేచే ఏర్పాటు వచ్చింది. మన పెద్దలలో కొందరు దానిని చూచే ఉంటారు. 1939లో బ్యూక్ కార్లకు మిణుకుమిణుకుమనే వెనుక ఇండికేటర్లు వచ్చాయి. ఒకదాని వెంట ఒకటి వెలిగే దీపాలను ఫోర్డు కంపెనీవారు తమ థండర్‌బర్డ్ కారుకు 1965లో అమర్చారు. 1964లోనే పెట్టాలనుకున్నారు గాని చట్టపరమైన చిక్కులవల్ల ఒక ఏడాది ఆగారు. అప్పట్లో చిప్పులు లేవు. డిక్కీలో ఒక చిన్న మోటారు తిరుగుతూ మూడు స్విచ్చులను వరుసగా నొక్కేది. 1967లో మెర్క్యురీ కూగర్ కారుకు కూడా అటువంటివే వచ్చాయి. చాలా కాలము తరువాత, 2012లో ఆడి కంపెనీ తన ఆర్8 కారుకు ఎల్ఈడీలతో ఆ పద్ధతిని మళ్లీ తెచ్చింది. కాబట్టి పాత కారుకు ఈ దీపాలు పరాయివి కావు.

ఇదంతా మనుమడు చెప్పినప్పుడు తాతగారు ఊ కొట్టలేదు. కాని ఒక రాత్రి ఆయనకే తన పని జ్ఞాపకం వచ్చింది. నాలుగు రంగుల సూచనలుండే రైలు మార్గములో ఎరుపు ఒక్కసారిగా ఎదురుకాదు. మొదట రెండు పసుపు దీపాలు కనబడి, "జాగ్రత్తపడు" అని చెబుతాయి. తరువాతి సిగ్నల్‌లో ఒక పసుపు దీపం, "వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడు" అని చెబుతుంది. అటు తరువాతనే ఎరుపు. బరువైన రైలు ఒక్కసారిగా ఆగలేదు గనుక ముందునుండే వరుసగా చెప్పాలి. మరునాడు మనుమణ్ణి పిలిచి, "సరే పెట్టరా. గని ముందు ఉన్నది మంచిగ చెయ్యి. తర్వాతనే కొత్తది" అన్నారు.

నాకు ఈ మాట చాలా నచ్చింది. సంఘములోను ఇంతే గదా! ఉన్న ఆదివారపు బడి సరిగా నడువదు గాని కొత్త కమిటీ వేద్దామంటాము.

మూడు శనివారాలు

మొదటి శనివారము పాతదానిని బాగుచేశారు. హోల్డర్ల తుప్పు గీకారు. బాడీకి ఎర్త్ తగిలే చోట రంగు తీసి మెరుగుపెట్టి కొత్త వైరు బిగించారు. వెలిసిన అద్దాలు తీసి కొత్తవి వేశారు. పాత అసలు దీపాలే ఇప్పుడు యాభై అడుగుల దూరానికి స్పష్టంగా కనబడ్డాయి. ఖర్చు చాలా తక్కువ. ఆ రోజు పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. "ఇంత చిన్న పని ముందే చేసి ఉంటే" అని ఒక్క మాట అన్నారు. ఎవ్వరమూ జవాబు చెప్పలేదు.

రెండవ శనివారము కొత్త దీపాలు. మామూలు ఇండికేటర్ బల్బు 21 వాట్లది. 12 వోల్టుల మీద అది ఇంచుమించు పావు తక్కువ రెండు ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఒక్కొక్క వైపు మరి మూడు బల్బులు కలిపితే పాత వైర్లు, పాత స్విచ్ వేడెక్కుతాయి. అందుచేత తక్కువ కరెంటు తీసుకొనే ఎల్ఈడీలు వాడారు. అయితే ఇక్కడొక చిక్కుంది. పాతకాలపు ఫ్లాషర్ లోపల కరెంటు వేడికి వంగే లోహపు రేకు ఉంటుంది. కరెంటు మరీ తక్కువైతే అది సరిగా కొట్టుకోదు. కనుక ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేశారు. కొన్ని పాత బ్రిటిష్ తరహా బండ్లలో బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. ఎల్ఈడీ ఒక వైపునుండి కరెంటు వస్తేనే వెలుగుతుంది గనుక ఆ సంగతి ముందే మీటరుతో చూచుకున్నారు. కొత్త వైరుకు వేరే ఫ్యూజు పెట్టారు. వరుసను నడిపే చిన్న బోర్డును మనుమడే తయారుచేశాడు. ఒకవేళ ఆ బోర్డు చెడిపోయినా పాత ఇండికేటర్ దాని పని అది చేసుకొనేటట్టు విడివిడిగా కలిపాడు.

కారు రేకుకు ఒక్క రంధ్రము కూడా చేయలేదు. దీపాల పట్టీలను వెనుక బంపరుకు క్లాంపులతో బిగించారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి పాత రూపానికి తేవచ్చు. 50 ఏండ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. అటువంటి బండ్లను రోజువారీగా తిప్పరాదు. మా పెద్దాయన ఊరికి తిరుగుతారు గనుక ఆ నమోదు కోరలేదు. అయినను, తరువాతి తరమువారు కోరుకుంటే దారి మూయకూడదన్నారు.

చట్టమును కూడా చూచుకున్నారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఇండికేటర్ పసుపు కాషాయం కలిసిన రంగులోనే ఉండాలి. నిమిషానికి 60 సార్లకు తక్కువ గాని 120 సార్లకు ఎక్కువ గాని కొట్టుకోరాదు. ఎరుపు, నీలం, రంగురంగుల దీపాలు సరదాకోసం పెట్టరాదు. వెలుగు మన అలంకారానికి కాదు, ఎదుటివాని క్షేమానికి.

మూడవ శనివారము సాయంకాలం పరీక్ష. పెద్దాయన లోపల కూర్చున్నారు. మనుమడు బానెట్ దగ్గర ఉన్నాడు. నన్ను వెనుక నిలబడి చూడమన్నారు. "ఎడమ ఇండికేటర్ వేస్తున్నా అయ్యగారూ!" అన్నారు. దీపాలు చక్కగా, కాంతివంతంగా వెలిగాయి. కాని నాకేదో తేడాగా ఉంది. వెలుగు బయటి కొననుండి మధ్యకు పరుగెత్తుతోంది. అంటే ఎడమకు తిరుగుతానని స్విచ్ వేస్తే, వెలుగు కుడివైపుకు చూపుతోంది! ఎడమ పట్టీ కుడికి, కుడి పట్టీ ఎడమకు మారిపోయాయి.

లోపల కూర్చున్న ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయన ముందున్న చిన్న దీపం సరిగానే కొట్టుకుంటోంది. వెనుక నిలబడినవాడు చెప్తేనే తెలిసింది. పట్టీలను మార్చి బిగించారు. అంతా సరిగా పనిచేసింది.

నా ఇంటి సంగతి

ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తుండగా నా మనస్సు నన్ను గద్దించింది.

ఆ నెలలోనే జరిగింది. నన్ను వేరొక పాస్టరేటుకు వెళ్తారా అని సంఘ పెద్దలు అడిగారు. రెండు నెలలు ప్రార్థించాను. ఒక రోజు ఉపవాసముండి, సమ్మతి తెలుపుతూ ఉత్తరము వ్రాసి ఇచ్చాను. నా భార్యకు ఆ విషయం ఎలా తెలిసిందో తెలుసా? స్త్రీల సమాజ కూడికలో ఒక సహోదరి, "అమ్మగారూ, మీరు వెళ్లిపోతున్నారట గదా" అని కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు. మా అమ్మాయి పదవ తరగతిలో ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చి నా భార్య వంట చేయలేదు. పిల్ల మాట్లాడలేదు.

"నేను చెప్పాను గదా. ఎక్కడికైనా పంపితే వెళ్లాల్సి ఉంటుందని అన్నాను గదా" అని నేను వాదించాను. నాకు నిజంగానే చెప్పినట్టే అనిపించింది. రెండు నెలలుగా నా లోపల ఆ సంగతి వెలిగి ఆరుతూ ఉంది. మోకాళ్లమీద ఎన్నోసార్లు ఆ మాట ఎత్తాను.

అప్పుడు ఆమె, "ఏమండీ, మీరు దేవునితో చెప్పారు. మాతో చెప్పలేదు" అన్నది.

కారు వెనుక నిలబడేంతవరకు నాకా మాట అర్థం కాలేదు. పెద్దాయన కూడా "వేసిన బిడ్డా" అన్నారు. ఇద్దరమూ అబద్ధమాడలేదు. ఇద్దరి దీపమూ లోపలే వెలిగింది. మా వెనుక వస్తున్నవారు మాత్రం పడిపోయారు.

లేఖనము ఏమి చెప్పుచున్నది?

సంఖ్యాకాండము 10వ అధ్యాయము చదవండి. దేవుడు మోషేతో రెండు వెండి బూరలు చేయించమన్నాడు. పాళెము కదలవలసి వచ్చినప్పుడు మొదటి ఆర్భాటమునకు తూర్పు దిక్కున దిగినవారు బయలుదేరవలెను. రెండవ ఆర్భాటమునకు దక్షిణ దిక్కున దిగినవారు. మేఘస్తంభము ముందు నడుస్తూనే ఉంది గదా, ఇంక బూరలెందుకు? మేఘము లేచుట చూచినవాడు ఒక్కడే కదిలిపోతే చాలదు. గుడారములో పిల్లకు పాలిస్తున్న తల్లికి, మందను తోలుకొని వస్తున్న ముసలివానికి కూడ తెలియాలి. ముందు ఎవరు, తరువాత ఎవరు అనేది వినబడాలి. నడిపించే దేవుడే, వెనుకవారికి తెలియజేసే ఏర్పాటును కూడా ఆజ్ఞాపించాడు.

అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 14:8లో ఈ బూర సంగతే ఎత్తుతున్నాడు. బూర ధ్వని స్పష్టముగా లేకపోతే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని అడుగుతున్నాడు. ఊదానా లేదా అన్నది ఒక్కటే కాదు ప్రశ్న. విన్నవానికి తెలిసిందా అన్నది ప్రశ్న.

మన ప్రభువు ఎలా చేశాడో చూడండి. యెరూషలేములో తనకు కలుగబోవు శ్రమలను గూర్చి ఆయన శిష్యులకు ఒక్కసారే చెప్పి ఊరుకోలేదు. మార్కు సువార్త 8:31లో తాను శ్రమపడి, విసర్జింపబడి, చంపబడి, తిరిగి లేస్తానని చెప్పాడు. 9:31లో మనుష్యుల చేతికి అప్పగింపబడతానని చెప్పాడు. 10:32-34లో యెరూషలేముకు వెళ్లే దారిలోనే వారిని చేరబిలిచి, అన్యజనులు అపహసించడము, ఉమ్మివేయడము, కొరడాలతో కొట్టడము వరకు విడమరచి చెప్పాడు. మొదటి మాట ఆరిపోకుండానే రెండవది, రెండవది ఉండగానే మూడవది. శిష్యులు గ్రహించలేదు, భయపడ్డారు. పేతురు గద్దించాడు కూడా. అయినా ఆయన విసుగుకొని మానలేదు. లోకమును రక్షించడానికి వెళ్లే దేవుని కుమారుడే వెంట నడిచేవారికి మూడుసార్లు ముందుగా చెప్పాడు. మరి నేను ఎంతటివాడను?

కొందరు సహోదరులు, "ఇంటి యజమానిని నేను. అందరికీ చెప్పి చేయాలా?" అంటారు. స్టీరింగు మీ చేతిలో ఉంది నిజమే. అందుకే ఇండికేటర్ స్విచ్ కూడ మీ చేతి దగ్గరే పెట్టారు. వెనుక సీటులో పెట్టలేదు.

గ్రామాల్లో ఉన్న మీకు

ప్రియులారా, మీలో చాలామందికి కార్లు ఉండకపోవచ్చు. ట్రాక్టరు ఉంటుంది, మోటారు సైకిలు ఉంటుంది, ఎడ్లబండి ఉంటుంది. ఈ నెల ఒక సాయంకాలం మీ బండి వెనుకకు వెళ్లి నిలబడండి. ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపాలున్నాయా? ఉంటే వెలుగుతున్నాయా? గడ్డి, పత్తి వేసినప్పుడు అవి మూసుకుపోతున్నాయా? ఎర్రటి రిఫ్లెక్టర్లు, మెరిసే టేపు పెద్ద ఖర్చు కాదు. ట్రాలీ చెడిపోయి రోడ్డు పక్కన ఆగితే, "అందరికీ కనబడుతుందిలే" అని వదిలి రాకండి. దీపము లేని ట్రాలీ చీకటిలో గోడవంటిది.

ఇండికేటర్ పనిచేయకపోతే చెయ్యి ఉన్నది. కుడికి తిరుగునప్పుడు కుడిచేతిని బయటకు అడ్డముగా చాచి, అరచేయి ముందుకు పెట్టాలి. ఎడమకు తిరుగునప్పుడు అదే చేతిని చాచి, గడియారపు ముల్లుకు ఎదురుగా గుండ్రంగా తిప్పాలి. తిరిగేటప్పుడు కాదు, తిరుగుటకు ముందే. తిరిగిన తరువాత ఇండికేటర్ ఆపడము మరువకండి. తిరగకుండానే కిలోమీటర్ల కొద్దీ కొట్టుకునే దీపము కూడా అబద్ధమే. అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుగా మన మాట ఉండాలని ప్రభువు మత్తయి 5:37లో నేర్పినది నాలుకకే కాదు, రోడ్డుమీద మన దీపానికి కూడా వర్తిస్తుంది.

ఇంటిలో కూడా అంతే. పొలము అమ్మాలనుకుంటున్నారా? అప్పు చేయబోతున్నారా? పిల్లవాణ్ణి హాస్టలులో వేయాలనుకుంటున్నారా? అమ్మాయికి సంబంధము చూస్తున్నారా? మీ మనస్సులో అది ఎన్ని నెలలుగా వెలుగుతోందో నాకు తెలియదు. మీ భార్యకు కనబడిందా? పెద్దకుమారునికి కనబడిందా? ఏ అమ్మాయి పెండ్లియో ఆ అమ్మాయికి కనబడిందా? ఒక్కసారే మీద పడవేయకుండా, మొదట ఆలోచన చెప్పండి, తరువాత కారణము చెప్పండి, ఆ తరువాత నిర్ణయము చెప్పండి. వారు ఆగమంటే ఆగి వినండి. మీరు చూపే దిక్కు, మీరు నిజంగా తిరిగే దిక్కు ఒక్కటేనా అని వారినే అడగండి. వెనుక నిలబడినవారికే అది కనబడుతుంది.

తరువాత ఏమి జరిగింది?

నేను సంఘ పెద్దల దగ్గరకు వెళ్లి, నా ఇంటివారితో మాట్లాడకుండా ఉత్తరమిచ్చానని ఒప్పుకున్నాను. అమ్మాయి పరీక్షలు ముగిసేవరకు గడువు అడిగాను. వారేమి నిర్ణయిస్తారో ఇంకా తెలియదు. ఇంటిలో ఇప్పుడు ఆ సంగతి ముగ్గురమూ మాట్లాడుకుంటున్నాము. అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. మా అమ్మాయికి వెళ్లడము ఇష్టము లేదు. ఆ మాట నాతో చెప్పగలుగుతున్నది, అంతవరకు దేవునికి స్తోత్రము. ఈ సంగతి పత్రికలో వ్రాయవచ్చునా అని నా భార్యను అడిగాను. ఈసారి ముందే అడిగాను.

పెద్దాయన కొత్త దీపాలతో మొదటి ప్రయాణము ఎక్కడికి చేశారో చెప్పి ముగిస్తాను. ఆ పాప ఇంటికి. నన్ను కూడా రమ్మన్నారు. చెయ్యి అతుక్కున్నది. అయితే తల్లి మాతో ఎక్కువ మాట్లాడలేదు. అది న్యాయమే. చాయ్ ఇచ్చింది, లోపలికి వెళ్లింది. బయలుదేరేముందు పెద్దాయన పాపను తండ్రితో కూడ కారు వెనుక దూరంగా నిలబెట్టి, "బిడ్డా, నేను ఎటు పోతనో చెప్పు" అని కారెక్కి స్విచ్ వేశారు. మూడు దీపాలు వరుసగా వెలిగాయి. పాప నయమైన చేతిని ఎత్తి ఎడమవైపు చూపించింది. ఆయన అద్దములో ఆ చేతిని చూచారు. అప్పుడు గాని బండి కదిలించలేదు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. మార్కు 8:31, 9:31, 10:32-34 వచనములను ముగ్గురు చదవండి. ప్రతిసారి ప్రభువు అదనముగా ఏమి తెలియజేశాడు?

2. నా మనస్సులో ఉండి ఇంటివారికి ఇంకా చెప్పని నిర్ణయము ఏదైనా ఉందా? ఈ వారములో ఎవరికి మొదట చెప్పాలి?

3. మన ఇంటిలోని ప్రతి బండికి వెనుక దీపము, రిఫ్లెక్టరు ఉన్నాయో లేదో పిల్లలచేత చూపించండి.

ప్రార్థన: మా ముందర నడచుచున్న తండ్రీ, మేము తిరుగు దిక్కును మా వెంట వచ్చువారికి ముందుగా, స్పష్టముగా, సత్యముగా తెలియజేయు మనస్సును మాకు దయచేయుము. మా నిర్లక్ష్యమువలన గాయపడినవారిని స్వస్థపరచుము. వారియొద్దకు వెళ్లి ఒప్పుకొను ధైర్యమును మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.